మతం గడి లేని పెళ్లి నోటీసు: కర్నూలు, అనంతపురం, కడప వాళ్ల కోసం స్పెషల్ మ్యారేజ్ యాక్ట్ దారి

మతంతో పని లేకుండా ప్రభుత్వ ఆఫీసర్ ముందు పెళ్లి చేసుకోనిచ్చే 1954 నాటి స్పెషల్ మ్యారేజ్ యాక్ట్ రెండో షెడ్యూల్లో (అనుబంధంలో) ఉన్న నోటీసు ఫారం నిండా ఒక పేజీ కూడా ఉండదు. పేరు, ఇప్పటి స్థితి (పెళ్లి కాలేదా, భార్య లేదా భర్త చనిపోయారా, విడాకులయ్యాయా), వృత్తి, వయసు, ప్రస్తుత నివాసం, అది శాశ్వతం కాకపోతే శాశ్వత నివాసం, అక్కడ ఎన్నాళ్లుగా ఉంటున్నారు. అంతే, ఏడు గడులు. మతం గడి లేదు, కులం గడి లేదు. పెళ్లికి దేవుడు సాక్షిగా ఉండాలని గానీ, ఉండకూడదని గానీ ఆ కాగితం చెప్పదు. మన దేశంలో రాజ్యం మతాన్ని పక్కన పెట్టి మనిషిని మనిషిగా చూసే చోట్లు తక్కువ. వాటిలో ఇదొకటి. అందుకే దీన్ని సరిగ్గా వాడుకోవడం తెలియాలి.

ఈ దారి ఎవరికి? వేరు వేరు మతాల్లో పుట్టి, మతం మారకుండా పెళ్లి చేసుకోవాలనుకునే జంటకు. ఒకే మతంలో పుట్టినా తంతు మీద నమ్మకం లేని జంటకు. ఒకరికి భక్తి ఉండి ఇంకొకరికి లేని జంటకు కూడా. మూడో రకం వాళ్లు మనం అనుకునేదానికంటే ఎక్కువే ఉంటారు, కానీ ఈ చట్టం తమ కోసం కాదనుకుంటారు. ఆ అపోహకు ఒక చరిత్ర ఉంది. 1872 నాటి పాత చట్టం కింద పెళ్లి చేసుకోవాలంటే ఇద్దరూ తాము హిందూ, ముస్లిం, క్రైస్తవ, పార్సీ, యూదు, బౌద్ధ, సిక్కు, జైన మతాల్లో దేన్నీ అవలంబించడం లేదని ప్రకటించాలి. అంటే మతం వదిలితేనే పెళ్లి. 1923 సవరణతో హిందువులు, బౌద్ధులు, సిక్కులు, జైనులకు కొంత సడలింపు వచ్చింది. 1955 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన 1954 చట్టం ఆ ప్రకటనను పూర్తిగా ఎత్తేసింది. కాబట్టి నమాజు చేసేవాళ్లు చేసుకుంటూనే, ఆదివారం చర్చికి పోయేవాళ్లు పోతూనే, ఏ దేవుడికీ మొక్కనివాళ్లు మొక్కకుండానే ఈ చట్టం కింద పెళ్లి చేసుకోవచ్చు.

మన సీమలో కలిసి ఉండటం కొత్తేమీ కాదు. గూగూడులో కుళ్లాయిస్వామి పీర్ల పండగకు నిప్పుల గుండం చుట్టూ ఎవరిది ఏ మతమని ఎవరూ అడగరు. ఉగాదికి దేవుని కడప గుడికి ముస్లింలు వచ్చి మొక్కుకుంటారు. దూదేకుల ఇంట్లో పుట్టిన సిద్ధయ్యను బ్రహ్మంగారి ప్రియశిష్యుడని ఇప్పటికీ పాడుకుంటాం. ఇన్ని ఉన్నా పెళ్లి మాటెత్తితే ఇంట్లో వచ్చే మొదటి మాట ఒకటే: "ఏ పద్ధతిలో చేసుకుంటారు నాయనా, వాళ్లదా మనదా?" ఈ రెండూ కాని మూడో పద్ధతి ఒకటుందని, దానికి పూర్తి చట్టబలం ఉందని ఆ ఇంటివాళ్లకు చెప్పగలిగితే సగం గొడవ అక్కడే తగ్గుతుంది. ఎవరి మతమూ గెలవలేదు, ఎవరి మతమూ ఓడలేదు.

"రిజిస్టర్ మ్యారేజ్" అనే మాటలో ఉన్న తికమక

జనం నోట "రిజిస్టర్ మ్యారేజ్" అంటే మూడు వేరు వేరు సంగతులు. వీటిని కలిపేయడం వల్లే ఎక్కువ నష్టాలు జరుగుతున్నాయి.

ఒకటి, హిందూ వివాహ చట్టం 1955, సెక్షన్ 8 కింద నమోదు. ఇది అప్పటికే తంతుతో జరిగిన పెళ్లిని పుస్తకంలో రాయడం మాత్రమే. పెళ్లి ఫొటో, శుభలేఖ పట్టుకుపోయి చేయించేది ఇదే. ఈ చట్టం ఇద్దరూ హిందువులైతేనే వర్తిస్తుంది. చట్టం లెక్కలో "హిందువు" అంటే గుడికి వెళ్లేవాడని కాదు. ముస్లిం, క్రైస్తవ, పార్సీ, యూదు కాని వాళ్లందరినీ దాదాపుగా ఆ మాటలోనే కలిపారు. కాబట్టి హిందూ కుటుంబంలో పుట్టిన నాస్తికులు కూడా ఆ పరిధిలోకే వస్తారు.

రెండోది, ఆంధ్రప్రదేశ్ నిర్బంధ వివాహ నమోదు చట్టం 2002. ఏ మతం వాళ్లయినా జరిగిన పెళ్లిని నమోదు చేయించుకోవాలని చెప్పేది ఇది. ఇదీ రికార్డే. చెల్లని పెళ్లిని చెల్లేట్టు చేయదు.

మూడోది, స్పెషల్ మ్యారేజ్ యాక్ట్. ఇక్కడ పెళ్లి జరిగేదే ఆఫీసర్ ముందు. ఆయన రాసుకునేవాడు మాత్రమే కాదు, ఆయన ఎదుట జరిగిందే పెళ్లి.

ఇప్పుడు అసలు ప్రమాదం చూడండి. హేతువాద, కమ్యూనిస్టు కుటుంబాల్లో స్టేజీ పెళ్లిళ్లు మన దగ్గర చాలా ఏళ్లుగా ఉన్నాయి. పురోహితుడు లేకుండా, పెద్దలు నాలుగు మాటలు మాట్లాడితే, దండలు మార్చుకోవడం. మంచి పద్ధతి, గౌరవమైన పద్ధతి. కానీ ఆంధ్రప్రదేశ్‌లో ఆ దండలకు వాటంతట అవే చట్టబలం లేదు. తమిళనాడు 1967లో హిందూ వివాహ చట్టానికి 7ఎ సెక్షన్ చేర్చి ఆత్మగౌరవ వివాహాలకు గుర్తింపు ఇచ్చింది. మన మూడు జిల్లాలు మద్రాసు రాష్ట్రం నుంచి 1953 అక్టోబర్ 1నే విడిపోయి ఆంధ్ర రాష్ట్రంలోకి వచ్చేశాయి, కాబట్టి ఆ సవరణ మనకు వర్తించదు. దండల పెళ్లి చేసుకుని, దాన్ని సెక్షన్ 8 కింద నమోదు చేయించుకుని, పని అయిపోయిందనుకునే జంటలు ఉన్నాయి. 2024లో సుప్రీంకోర్టు ఈ విషయం తేల్చి చెప్పింది: హిందూ వివాహ చట్టం కింద చేయాల్సిన తంతు జరగకపోతే, చేతిలో సర్టిఫికెట్ ఉన్నా అది హిందూ వివాహం కాదు. భర్త చనిపోయాక పింఛను దగ్గరో, పొలం పాసుపుస్తకం దగ్గరో ఎవరైనా "పెళ్లే జరగలేదు" అని లేస్తే, నష్టపోయేది ఆ ఇల్లాలు.

ఇలాంటి జంటలకు దారి మూసుకుపోలేదు. స్పెషల్ మ్యారేజ్ యాక్ట్ 15వ సెక్షన్ ఉన్నది ఇందుకే. దాని గురించి కింద చెబుతాం.

ఇంకొక మాట. రిజిస్ట్రార్ ఆఫీసు బయట "ఒక్క రోజులో పెళ్లి, సర్టిఫికెట్ చేతికి" అని చెప్పే మధ్యవర్తులు ఉంటారు. వేర్వేరు మతాల జంట అయితే వాళ్లు చేసేది ఒక్కటే: ఒకరిని మతం మార్చినట్టు కాగితం పుట్టించి, ఒక తంతు జరిపించి, హిందూ వివాహ చట్టం కింద నమోదు చేయించడం. మనసులో లేని మతమార్పిడి కాగితం మీద నిలబడ్డ పెళ్లిని రేపు కోర్టులో ఎవరైనా కదిలించవచ్చు. దానికంటే పెద్ద సంగతి, ప్రేమించిన మనిషి చేత నమ్మని మాట అనిపించడం. ముప్పై రోజులు ఆగితే రెండూ తప్పుతాయి.

మీకు అర్హత ఉందా

సెక్షన్ 4లో షరతులు కొన్నే. అబ్బాయికి 21 నిండాలి, అమ్మాయికి 18 నిండాలి. ఇద్దరిలో ఎవరికీ బతికున్న భార్య గానీ భర్త గానీ ఉండకూడదు. పెళ్లికి సమ్మతి ఇవ్వగల మానసిక స్థితి ఉండాలి. నిషిద్ధ బంధుత్వం ఉండకూడదు.

ఈ చివరిది రాయలసీమలో చాలామందికి అడ్డం తగులుతుంది. మన దగ్గర మేనరికం మామూలు. కానీ ఈ చట్టం మొదటి షెడ్యూల్లో మేనమామ కూతురు, మేనత్త కూతురు, అక్క కూతురు అందరూ నిషిద్ధ జాబితాలోనే ఉన్నారు. అమ్మాయి వైపు జాబితాలో మేనమామ, మేనమామ కొడుకు, మేనత్త కొడుకు ఉన్నారు. ఆచారం ఒప్పుకుంటే చేసుకోవచ్చని ఒక మినహాయింపు ఉన్న మాట నిజమే. అయితే ఈ చట్టంలో "ఆచారం" అంటే రాష్ట్ర ప్రభుత్వం గెజిట్‌లో నోటిఫై చేసినదే. మా ఇంట్లో తరతరాలుగా ఉందంటే సరిపోదు. హిందూ వివాహ చట్టంలో మేనరికానికి ఆచారం ఆసరా అవుతుంది, ఇక్కడ అంత సులువు కాదు. మీరు బావామరదళ్లయితే నోటీసు ఇచ్చే ముందే లాయర్‌తో మాట్లాడండి.

నోటీసు: ఎక్కడ, ఎప్పుడు

మ్యారేజ్ ఆఫీసర్ రిజిస్ట్రేషన్ శాఖలోనే ఉంటారు. మీ దగ్గరి సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్లి రెండు ప్రశ్నలు అడగండి: స్పెషల్ మ్యారేజ్ యాక్ట్ కింద మా ఊరికి మ్యారేజ్ ఆఫీసర్ ఎవరు, ఆయన పరిధి ఎంతవరకు? ఈ రెండో ప్రశ్న మర్చిపోవద్దు. చట్టంలో "జిల్లా" అంటే కలెక్టర్ జిల్లా కాదు, ఆ ఆఫీసర్‌ను ఏ ప్రాంతానికి నియమించారో అది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాయి. నంద్యాల మనిషి ఆధార్‌లో కర్నూలు జిల్లా అనీ, హిందూపురం మనిషి ఆధార్‌లో అనంతపురం జిల్లా అనీ ఇంకా ఉండొచ్చు. కాగితాలు చూసి గుమస్తా వెనక్కి పంపేది ఇలాంటి వాటికే. ఆధార్ చిరునామా ముందే సరిచేయించుకుంటే ఒక తిరుగుడు తప్పుతుంది.

ఇద్దరిలో కనీసం ఒకరు ఆ పరిధిలో, నోటీసు ఇచ్చే రోజుకు ముందు వరసగా 30 రోజులు నివాసం ఉండాలి. ఇద్దరూ ఉండాల్సిన పని లేదు, ఒకరు చాలు. బెంగళూరులో ఉద్యోగం చేసుకుంటున్న అనంతపురం జంట అక్కడే నోటీసు ఇవ్వవచ్చు. అయితే సెక్షన్ 6 ప్రకారం, శాశ్వత నివాసం వేరే చోట ఉంటే ఆ ప్రాంతపు మ్యారేజ్ ఆఫీసర్‌కు నోటీసు నకలు వెళుతుంది, ఆయన తన ఆఫీసులో దాన్ని అంటిస్తారు. అంటే బెంగళూరులో ఇచ్చినా ఊళ్లో గోడ మీదికి వస్తుంది. ఇది తెలియక "ఎవరికీ తెలియదులే" అనుకున్నవాళ్లు ఇబ్బంది పడతారు. అలాగని శాశ్వత నివాసం గడిలో అబద్ధం రాయవద్దు. తప్పుడు వివరానికి శిక్ష ఉంది, పైగా అదే రేపు పెళ్లి మీద దాడికి ఆయుధం అవుతుంది.

ఇంకొకటి గట్టిగా గుర్తుంచుకోండి. చట్టం చెప్పింది ఆఫీసులో నలుగురికీ కనబడే చోట అంటించమని. మీ అమ్మానాన్నల ఇంటికి నోటీసు పంపమని, వాళ్ల సంతకం తెమ్మని చట్టంలో ఎక్కడా లేదు. అలా అడిగితే "ఏ సెక్షన్ ప్రకారం సార్, రాసివ్వండి" అని మర్యాదగా అడగండి.

కాగితాల విషయానికొస్తే, వయసుకు పదో తరగతి మార్కుల మెమో లేదా జనన ధ్రువపత్రం, నివాసానికి ఆధార్, 30 రోజుల నివాసానికి అవసరమైతే అద్దె ఒప్పందం లాంటిది, పాస్‌పోర్టు సైజు ఫొటోలు, పెళ్లి కాలేదని అఫిడవిట్. ఇంతకు ముందు పెళ్లయి ఉంటే విడాకుల డిక్రీ సర్టిఫైడ్ కాపీ లేదా మరణ ధ్రువపత్రం. ఫీజు కట్టి రసీదు తీసుకోండి. ఆఫీసు వాళ్లు తమ సొంత ఫారం ఇచ్చి అందులో మతం గడి కనబడితే, "మతం లేదు" అని రాసే హక్కు మీకుంది. ఆ గడి చట్టంలోది కాదు.

పేర్ల దగ్గర ఒక్క గంట కూర్చోండి. ఎక్కువ దరఖాస్తులు ఆగేది మతం వల్ల కాదు, పేరు వల్ల. పదో తరగతి మెమోలో "ఎస్. మహబూబ్ బాషా", ఆధార్‌లో "షేక్ మహబూబ్ బాషా", పాన్ కార్డులో "మహబూబ్ బాషా షేక్". హిందూ ఇళ్లలో ఇంటిపేరు ఒకచోట ముందు, ఇంకోచోట వెనక, మరోచోట పొడి అక్షరం. క్రైస్తవ కుటుంబాల్లో బాప్తిస్మం పేరు ఒకటి, స్కూలు పేరు ఒకటి. ఒక కాగితం తీసుకుని ఇద్దరి పేర్లూ ప్రతి ధ్రువపత్రంలో ఎలా ఉన్నాయో అక్షరం అక్షరం రాసుకోండి. మెమోలో ఉన్నదాన్ని ప్రధానంగా పెట్టి, మిగతావి "ఉరఫ్" అని చేర్చి, అన్నీ ఒకరివేనని నోటరీ అఫిడవిట్ జతచేయండి. సంతకం కూడా నోటీసు నుంచి సర్టిఫికెట్ దాకా ఒకేలా ఉండాలి. నోటీసు మీద తెలుగులో, పెళ్లి రోజు డిక్లరేషన్ (ప్రకటన) మీద ఇంగ్లీషులో సంతకం పెట్టవద్దు.

రెండు గడియారాలు

నోటీసు ఇచ్చాక రెండు గడువులు నడుస్తాయి, రెండూ వేర్వేరు తేదీల నుంచి. ఇది చాలామంది లాయర్లు కూడా జంటకు విడమరచి చెప్పరు.

మొదటిది 30 రోజుల ఆగుడు. ఇది మీరు నోటీసు ఇచ్చిన రోజు నుంచి కాదు, ఆఫీసులో అంటించిన రోజు నుంచి లెక్క. రెండోది మూడు నెలల గడువు. ఇది నోటీసు ఇచ్చిన రోజు నుంచి. ఆ మూడు క్యాలెండర్ నెలల్లో పెళ్లి జరగకపోతే నోటీసు చచ్చిపోతుంది, మళ్లీ మొదటి నుంచి.

ఉదాహరణకు జూన్ 2న నోటీసు ఇచ్చారు, గుమస్తా జూన్ 4న అంటించారు. జూలై 4తో 30 రోజులు నిండుతాయి. పెళ్లికి జూలై 5 గానీ ఆ తర్వాత గానీ వెళ్లండి. మూడు నెలల గడువు మాత్రం జూన్ 2 నుంచే నడుస్తోంది కాబట్టి ఆగస్టు నెలాఖరు దాటించవద్దు. ఫంక్షన్ హాలుకు అడ్వాన్స్ కట్టేది, శుభలేఖలు వేసేది అంటించిన తేదీ తెలిశాకే. ఆ తేదీ కోసం ఆఫీసుకు స్వయంగా వెళ్లి, గోడ మీద కాగితం చూసి, ఫోన్లో ఫొటో తీసుకోండి. అంటించకుండా ఫైల్లోనే పెట్టిన నోటీసుకు ముప్పై రోజులు మొదలే కావు.

ఆక్షేపణ వస్తే

ఈ ముప్పై రోజుల్లో ఎవరైనా ఆక్షేపణ ఇవ్వవచ్చు. కానీ సెక్షన్ 4లోని షరతుల్లో ఏదో ఒకటి తప్పిందనే చెప్పాలి. వయసు చాలలేదు, ముందు పెళ్లి ఉంది, నిషిద్ధ బంధుత్వం ఉంది, ఇలాంటివే. "మతం వేరు", "కులం వేరు", "మా పరువు పోతుంది", "వాళ్లమ్మ అన్నం మానేసింది" వంటివి ఆక్షేపణలు కావు. నోటితో చెప్పిపోతే కుదరదు. ఆఫీసర్ దాన్ని నోటీసు పుస్తకంలో రాసి, చదివి వినిపించి, సంతకం తీసుకోవాలి.

సరైన ఆక్షేపణ వస్తే విచారణ అయ్యేదాకా పెళ్లి ఆగుతుంది. ఆ విచారణకు ఆక్షేపణ వచ్చిన తేదీ నుంచి 30 రోజులకు మించి తీసుకోకూడదు. ఆఫీసర్ పెళ్లికి నిరాకరిస్తే మీరు 30 రోజుల్లో జిల్లా కోర్టుకు అప్పీలు చేసుకోవచ్చు, ఆ కోర్టు మాటే ఆఖరు. కావాలని వేసిన ఆక్షేపణ అని తేలితే, వేసిన మనిషి మీద 1,000 రూపాయల వరకు ఖర్చుల కింద వేసి మీకు ఇప్పించే అధికారం ఆఫీసర్‌కు ఉంది. మొత్తం చిన్నదే, కానీ ఆ సెక్షన్ 9 ఉందని అవతలి వాళ్లకు తెలిస్తే ఉత్తుత్తి కాగితాలు తగ్గుతాయి.

ఈ ముప్పై రోజులు క్షేమంగా గడవాలంటే

దాచకుండా చెప్పాలంటే, ఇదే ముఖ్యమైన భాగం. చట్టం ఎంత మంచిదైనా నోటీసు గోడ మీద ఉన్న నెల రోజులు కొన్ని జంటలకు ప్రాణభయం. ఇంట్లో వాళ్లు ముందుగా చేసేది "మా అమ్మాయి కనబడటం లేదు" అని స్టేషన్‌లో ఫిర్యాదు ఇవ్వడం, లేదా కిడ్నాప్ కేసు పెట్టించడం. దానికి విరుగుడు ముందే సిద్ధం చేసుకోవాలి.

నోటీసు ఇచ్చిన రోజే ఇద్దరూ కలిసి జిల్లా ఎస్పీకి ఒక ఉత్తరం రాయండి. మేమిద్దరం మేజర్లం, వయసు రుజువులు ఇవి, ఇష్టపూర్వకంగా ఫలానా తేదీన నోటీసు ఇచ్చాం, మా ఇద్దరికీ గానీ మా రెండు ఇళ్లవాళ్లకు గానీ హాని జరగకుండా రక్షణ కావాలి. ఇంతే, అర పేజీ. స్పీడ్ పోస్టులో పంపి, అందినట్టు రుజువు ఉంచుకుని, ఒక నకలు మీ స్టేషన్‌లో ఇచ్చి, రసీదు వేయించుకోండి. మేజర్ అయిన ఆడపిల్ల తన ఇష్టంతో ఉన్నానని మేజిస్ట్రేట్ ముందు చెబితే మిస్సింగ్ కేసు అక్కడితో ముగుస్తుంది.

ఈ ఉత్తరంలో రెండు తీర్పులు ప్రస్తావించండి. 2006లో లతా సింగ్ కేసులో సుప్రీంకోర్టు, కులాంతర, మతాంతర వివాహం చేసుకున్న మేజర్లను ఎవరూ వేధించకుండా పోలీసులు చూడాలని చెప్పింది. 2018లో శక్తి వాహిని కేసులో ఇద్దరు మేజర్ల పెళ్లికి కుటుంబం, కులం, పంచాయితీ అనుమతి అవసరం లేదని చెప్పి, జిల్లాల్లో ప్రత్యేక సెల్, సురక్షిత నివాసం ఏర్పాటు చేయమని ఆదేశించింది. ఎస్ఐ ముందు నోటితో వాదించడం కన్నా ఈ రెండు పేర్లూ కాగితం మీద ఉండటం ఎక్కువ పనిచేస్తుంది.

అత్యవసరానికి 112, మహిళల హెల్ప్‌లైన్ 181. లాయర్‌కు డబ్బు లేకపోతే జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి, లేదా 15100కు ఫోన్ చేయండి. ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం అందుతుంది. ఇంట్లో బంధించారంటే అమరావతిలోని హైకోర్టులో హెబియస్ కార్పస్ (బంధించిన మనిషిని కోర్టు ముందుకు తెప్పించమని కోరే పిటిషన్) వేయాలి. మెమో, ఆధార్ ఒరిజినళ్లు ఇంట్లో వదిలేసి వచ్చేయవద్దు. నోటీసుకు ముందే నమ్మకమైన స్నేహితుల దగ్గర ఒక సెట్టు ఉంచండి.

పెళ్లి రోజు ఆఫీసర్ ముందు

ముగ్గురు సాక్షులు కావాలి. నలుగురిని తీసుకెళ్లండి. ప్రొద్దుటూరు నుంచి రావాల్సిన మనిషి బస్సు తప్పిపోతే పెళ్లి ఆగకూడదు. అందరి దగ్గరా ఒరిజినల్ గుర్తింపు కార్డు ఉండాలి.

ముందు డిక్లరేషన్. మూడో షెడ్యూల్లోని ఫారంలో ఇద్దరూ, ముగ్గురు సాక్షులూ ఆఫీసర్ ఎదుట సంతకం పెడతారు. తర్వాత అసలు పెళ్లి, సెక్షన్ 12. ఏ రూపంలోనైనా జరుపుకోవచ్చు. కానీ ఒక్క వాక్యం లేకపోతే అది పెళ్లి కాదు. ఆఫీసర్, ముగ్గురు సాక్షులు వింటుండగా ఇద్దరూ ఒకరితో ఒకరు, తమకు అర్థమయ్యే భాషలో, ఈ మాట అనాలి:

"నేను, ఫలానా, నిన్ను, ఫలానాను, నా చట్టబద్ధమైన భార్యగా స్వీకరిస్తున్నాను." అవతలివాళ్లు "భర్తగా" అంటారు.

దీన్ని తెలుగులోనే చెప్పండి, ఉర్దూ ఇంటి భాషయితే ఉర్దూలో చెప్పండి. చాలా ఆఫీసుల్లో సంతకాల హడావుడిలో ఈ మాట దాటేస్తారు. "సార్, మేం ఆ మాట చెప్పాలి" అని అడిగి, నిలబడి, ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ చెప్పండి. సాక్షుల్లో ఒకరు వీడియో తీస్తే మంచిది. అగ్ని లేదు, ఖాజీ లేడు, పాదిరి లేడు, పెళ్లిని పెళ్లి చేసేది ఆ వాక్యమే.

అదనపు ఫీజు కడితే, సహేతుకమైన దూరంలో ఉన్న ఇంకో చోటుకు ఆఫీసర్ వచ్చి పెళ్లి జరిపించే వీలు కూడా ఉంది. సభ పెట్టుకుని నలుగురి మధ్య ఆ వాక్యం చెప్పాలనుకునేవాళ్లు నోటీసు రోజే అడగండి. లేదంటే పొద్దున ఆఫీసులో పెళ్లి, మధ్యాహ్నం సభ, భోజనం. వరస తారుమారు చేయవద్దు. ముందే తంతు జరిపేసి తర్వాత పెళ్లి నోటీసు ఇస్తే "మీకు పెళ్లయిపోయింది కదా" అనే ప్రశ్న వస్తుంది. ఆఫీసు పని ముగిశాక మీ ఇష్టం. తాళి కట్టుకోవచ్చు, మానేయవచ్చు. జేజి మాట కాదనలేక పెద్ద దర్గాకో, అహోబిలానికో వెళ్లి రావచ్చు. చట్టానికి దాంతో సంబంధం లేదు.

ఇప్పటికే దండల పెళ్లి అయినవాళ్లు

మీకు సెక్షన్ 15. ఏదో ఒక పద్ధతిలో పెళ్లి వేడుక జరిగి, అప్పటి నుంచి భార్యాభర్తలుగా కలిసి ఉంటూ ఉండాలి. నమోదు నాటికి ఇద్దరికీ 21 నిండి ఉండాలి. ఇక్కడ అమ్మాయికీ 21 అని గమనించండి. నిషిద్ధ బంధుత్వం షరతు ఇక్కడా ఉంది. దరఖాస్తుకు ముందు 30 రోజులు ఇద్దరూ ఆ పరిధిలో ఉండాలి. ప్రకటన, 30 రోజుల గడువు, ముగ్గురు సాక్షుల సంతకాలు అన్నీ ఇక్కడా ఉన్నాయి. సభ ఫొటోలు, ఆహ్వాన పత్రం, వేదిక మీద ఉన్నవాళ్లలో ఇద్దరి అఫిడవిట్లు పెట్టండి. నమోదయ్యాక మీది ఈ చట్టం కింద జరిగిన పెళ్లే అవుతుంది. వేడుక జరిగిన తేదీ తర్వాత పుట్టిన పిల్లలందరూ చట్టబద్ధ సంతానమే.

పెళ్లి తర్వాత మారేవి, మారనివి

మతం మారదు, పేరు మారదు, కులం మారదు. ఎస్సీ యువతీ యువకులు ఇది ప్రత్యేకంగా తెలుసుకోవాలి. 1950 నాటి ఎస్సీ ఉత్తర్వు ప్రకారం హిందూ, సిక్కు, బౌద్ధ మతాలకు బయట ఆ హోదా నిలవదు. క్రైస్తవ అమ్మాయిని పెళ్లి చేసుకోవడం కోసం బాప్తిస్మం తీసుకుంటే ఉద్యోగం, రిజర్వేషన్ ప్రశ్నలోకి వస్తాయి. ఈ చట్టం కింద మార్పిడి లేకుండా చేసుకుంటే ఆ ప్రశ్నే రాదు.

ఆస్తి విషయం కొంచెం వేరు. ఇద్దరూ హిందూ, బౌద్ధ, సిక్కు, జైనులైతే వారసత్వం ఎప్పటిలాగే హిందూ వారసత్వ చట్టం కిందే, ఇది 1976లో చేర్చిన 21ఎ సెక్షన్ వల్ల. వేరే మతం వాళ్లను చేసుకుంటే రెండు మార్పులు. హిందూ ఉమ్మడి కుటుంబ సభ్యులు ఆ పెళ్లితో ఉమ్మడి నుంచి వేరుపడినట్టు లెక్క. ఆస్తి పోయినట్టు కాదు, వాటా తేలినట్టు. ఊళ్లో పొలం నాన్న పేరనో పెదనాన్న పేరనో పాసుపుస్తకంలో ఉంటే, మంచి మాటలున్నప్పుడే భాగపరిష్కారం రాయించుకోండి. ఇక మీ ఇద్దరికీ, మీ పిల్లలకూ వర్తించేది 1925 నాటి భారత వారసత్వ చట్టం. వీలునామా లేకుండా భర్త చనిపోతే, పిల్లలుంటే భార్యకు మూడో వంతు, మిగతా రెండు వంతులు పిల్లలకు. ఇది చాలదనుకుంటే వీలునామా రాయండి. నమ్మకం లేని వాళ్లు తమ అంత్యక్రియలు ఎలా జరగాలో కూడా వేరే కాగితం మీద రాసి ఇంట్లో వాళ్లకు చెప్పడం మంచిది. వీలునామా మామూలుగా చదివేది అంతా అయిపోయాకే.

సర్టిఫికెట్ పుస్తకంలో సంతకం పెట్టే ముందు పేర్లు, తండ్రుల పేర్లు, పుట్టిన తేదీలు, పెళ్లి తేదీ ఒక్కొక్కటే వేలు పెట్టి చదవండి. సంతకం పెట్టాక దిద్దించుకోవడం నెలల పని. అదే రోజు సర్టిఫైడ్ కాపీలు మూడుకు ఫీజు కట్టండి. ఒకటి మీ దగ్గర, ఒకటి సాక్షుల్లో ఒకరి దగ్గర, ఒకటి బ్యాంకు, పాస్‌పోర్టు పనులకు. పుస్తకం క్రమ సంఖ్య, పేజీ సంఖ్య, ఆఫీసు పేరు విడిగా రాసుకుని ఫోన్లో కూడా పెట్టుకోండి. కాపీలన్నీ పోయినా ఆ సంఖ్యలుంటే ఇంకొకటి తెచ్చుకోవచ్చు.